నా గొంతు నాకే ఆలస్యం

5 మే, సోమవారం

ఢిల్లీబాబు ఫోన్ చేశాడు. నాకు తాళం తప్పుతోందట! తిరుపతిలో నాలుగేళ్లు సంగీతం నేర్చుకుని, నగరి చుట్టుపక్కల పదకొండేళ్లుగా పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ పాడుతున్నదాన్ని. నాకు!

ద్రౌపదమ్మ తిరునాళ్ల పాటకు ట్యూను కట్టింది అతనే. పంబ వాయించిన ట్రాక్ పంపి, ఇంట్లోనే పాడి పంపమన్నాడు. పంపాను. ప్రతి చరణంలోనూ ఎనకబడతా ఉండావమ్మా, శుక్రవారం సాయంత్రంలోపల సరిగ్గా రాకపోతే మోనికతో పాడించుకుంటా అన్నాడు. అదీ గ్రూప్ కాల్‌లో, గుడి కమిటీ అంతా వింటుండగా. ఆ మోనిక నా దగ్గర సరళీ స్వరాలు నేర్చుకున్న పిల్ల.

రేపు మళ్లీ పాడి చూస్తాను.

6 మే, మంగళవారం, మధ్యాహ్నం

మళ్లీ పాడి, విన్నాను. నిజమే, వెనకబడుతున్నాను. అది ఇంకా మంట.

మా ఇంట్లో రికార్డింగ్ అంటే కరెంటు పోవాలి. గోడ అవతల నాలుగు పవర్‌లూమ్‌లు. ఆ మగ్గాలు ఆడుతుంటే మైకులో వాటి చప్పుడే తప్ప నా గొంతు ఉండదు. లైన్ పనులని ఈ వారం గురువారం దాకా పదకొండు నుంచి ఒంటిగంట వరకు కరెంటు తీస్తున్నారు. ఆ రెండు గంటలే నా స్టూడియో. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడవాల్సిందే.

ఒక్క గంట మగ్గాలు ఆపమని మురుగేష్‌ను అడిగాను. కట్టుకున్న మొగుణ్ణి ఆ మాత్రం అడక్కూడదా? కరెంటు ఉండంగా మగ్గం ఆపేది యాడన్నా ఉండాదా, మీ నాయన ఎప్పుడన్నా ఆపినాడా అన్నాడు. మా నాయనా నేతగాడే, ఆపలేదు. అయినా ఆ మాట అనాలా?

7 మే, బుధవారం

ఈరోజూ వెనకే.

8 మే, గురువారం, 11:40

దొరికింది!

మైకు ముందు ఒక్క చప్పట కొట్టాను. హెడ్‌ఫోన్స్‌లో అది కాస్త ఆగి వినపడింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే. నా గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి, ఊరంతా తిరిగి, తీరిగ్గా నా చెవికి వస్తోంది. దాని కోసం నేను ఆగుతున్నాను. అందుకే వెనకబడుతున్నాను. బ్యాటరీ మీద పెడితే సౌండ్ చిటపటలాడుతోందని పోయిన నెల బఫర్ సైజ్, అంటే కంప్యూటర్ గొంతును పట్టి ఉంచే సమయం, ఇష్టమొచ్చినట్టు పెంచింది నేనే. బుద్ధి లేదు నాకు! నాలుగు రోజులు నా తాళాన్ని నేనే అనుమానించాను.

మైకు తగిలించే డబ్బా మీద డైరెక్ట్ అని చిన్న స్విచ్ ఉంది. కొన్నప్పటి నుంచి ముట్టుకోలేదు. నొక్కాను. కంప్యూటర్ నుంచి తిరిగొచ్చే గొంతును మ్యూట్ చేశాను. అమ్మా అన్నాను. అన్నప్పుడే వినపడింది. ఏడుపొచ్చింది.

అదే రోజు, 2:10

పాడుకోవాల్సింది పోయి అత్తకు చూపించబోయాను. మా అత్త గంగులమ్మ ముప్పై ఏళ్లు ఆ మగ్గాల మధ్య నిలబడి పాడుకున్న మనిషి. నాలుగు రోజులుగా నా నోట వింటున్న పాటే కదా, ముందు ఆలస్యంగా వచ్చే గొంతుతోనే పాడించాను. తనూ తప్పితే నా మనసు కుదుటపడుతుందని. తప్పలేదు! అరికాలితో నేల తడుతూ పంబతో సమంగా చివరిదాకా పాడేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎట్లా అత్తా అంటే, మగ్గం కాడ నా గొంతు నాకెప్పుడు ఇనపడిందమ్మే, నేల అదిరేది కాలికి తెలుస్తాది, దాన్ని పట్టుకోని పాడేదే అంది.

అప్పుడు డైరెక్ట్ నొక్కాను. రెండు ముక్కలు పాడి ఆపేసింది. ఇది నేనేనా అని అడిగింది. నువ్వే అన్నాను. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. ఇంకోసారి అంది. అంతలో కరెంటు వచ్చేసింది, మగ్గాలు మొదలయ్యాయి. నా పాట మిగిలిపోయింది.

రేపు కరెంటు కోత లేదట. అన్నానికి వచ్చిన మురుగేష్‌ను మళ్లీ అడిగాను. ఆర్డరు ఉండాది కదా, సూడు అన్నాడు. పదేళ్లుగా చూస్తూనే ఉన్నాను. కన్నతల్లి గొంతు ఆమెకే వినపడకుండా చేసిన చప్పుడు, ఒక్క గంట ఆపితే కొంప మునుగుతుందా? ఈ మాట పైకే అన్నాను. అత్త పక్కనే అన్నం తింటోంది.

9 మే, శుక్రవారం

కరెంటు పోలేదు. పదకొండుకు మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. వెళ్లి చూస్తే స్విచ్ బోర్డు దగ్గర అత్త. మురుగేష్ పక్కకు జరిగాడు. నువ్వు పాడుకోమ్మే, తర్వాత నాకియ్యి అంది.

మొదటి టేకే పంపాను. ఇప్పుడు నేర్చుకున్నావమ్మా అని ఢిల్లీబాబు మెసేజ్. నేర్చుకున్నానట!

హెడ్‌ఫోన్స్ అత్త చెవులకున్నాయి. మగ్గాలు ఇంకా ఆగే ఉన్నాయి.