కాగితంలో నేను రాసిన ‘లేదు’

డాక్టరమ్మ గారికి నమస్కారం.

రేపు మీరు ఆపరేషన్ చేయబోయే తాండూరు శాంతవ్వ కూతురిని. కన్నీటి నాళం మూసుకుపోయి రెండేళ్లుగా మా అమ్మ ఎడమ కన్ను ఆగకుండా కారుతోంది. బండల పాలిష్ పనిలో ఆమె కొంగు ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

మీరిచ్చిన కాగితంలో ‘వేరే మందులు వాడుతున్నారా?’ అన్నచోట ‘లేదు’ అని రాశాను. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి అమ్మను అడగకుండానే నింపేశాను. పొద్దున వికారాబాద్ రావడానికి ఆమె సంచి సర్దుతుంటే, రక్తాన్ని పలుచన చేసే గోళీలు కనిపించాయి. అవి బంట్వారంలోని మా పెద్దమ్మకు గుండె డాక్టరు రాసినవి. ఛాతీ బరువుగా ఉందని అమ్మ చెబితే తన గోళీల్లో సగం ఇచ్చిందట. నెల రోజులుగా అమ్మ రోజూ మింగుతోంది.

“చెప్పకు బిడ్డా, మూడు నెలలకు దొరికిన తారీఖు పోతది. మా అక్క మింగుతలేదా, మంచిగనే ఉన్నది గదా!” అంటోంది.

కంటి నుంచి ముక్కులోకి కొత్త దారి చేసే ఈ ఆపరేషన్‌లో ముక్కులోంచి రక్తం ఆగకపోతే ప్రమాదమని మీరన్నది నాకు గుర్తుంది. అందుకే ఈ ఉత్తరం సిస్టర్ చేతికి ఇస్తున్నాను. దయచేసి ఇది చదివాకే అమ్మను లోపలికి పిలవండి. తారీఖు మారినా సరే. ఆ ఛాతీ బరువు సంగతి కూడా చూడండి. అది నాకూ ఇవాళే తెలిసింది.

మీ మాట కోసం వార్డు బయటే కూర్చున్న,
శాంతవ్వ కూతురు