ఇంటర్వెల్ తర్వాతి బొమ్మ

చిట్టితల్లికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ బుజ్జిదీ బాగున్నారని రాశావు గానీ నాకు నమ్మకం కుదరలేదు. ఈసారి నీ అక్షరాలు కిందికి వాలిపోయి ఉన్నాయి. జ్వరమొచ్చిందా? వస్తే దాచకు. రాకపోతే రాలేదని రాయి, లేకపోతే వచ్చిందనే అనుకుంటాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. వేసుకున్నాక, వేసుకున్నానో లేదోనని దిగులు. ఆ దిగులుకి మాత్ర లేదట, కాంపౌండరు నవ్వాడు. గది కారడం లేదు. కారుతుందేమోనని బకెట్ మాత్రం మంచం పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. బిస్కెట్ల ఫ్యాక్టరీలో నీ షిఫ్టులు వారం వారం మారుతున్నాయనీ, బుజ్జిదాన్ని చూసుకునే మనిషి దొరక్క హాస్టల్లో వేద్దామనుకుంటున్నాననీ రాశావు. దాని నాన్న మిమ్మల్ని వదిలేసి వెళ్ళాక అంతా నీ ఒక్కదాని నెత్తినే పడింది. "నువ్వొక్కదానివే నన్నెలా పెంచావమ్మా?" అని అడిగావు. నేను పెంచానా? నువ్వే పెరిగావు, నేను చీపురు పట్టుకుని నీ వెనకాల తిరిగాను.

మీ నాన్న పోయాక సినిమా హాల్లో ఊడ్చే పనికి కుదిరాను కదా. నిన్ను ఇంట్లో వదలాలంటే భయం. హాలుకి తీసుకెళ్ళాలన్నా భయమే, అయినా తీసుకెళ్ళాను. గేటు దగ్గరుండే బాబాయి మంచివాడు. ఇంటర్వెల్ అయ్యి లైట్లు ఆర్పగానే నిన్నూ నన్నూ వెనక వరసలోకి దూర్చేవాడు. అలా నువ్వెన్ని సినిమాలు చూశావో, అన్నీ రెండో సగమే. తెర మీద ఎవరైనా ఏడిస్తే నా చెయ్యి లాగి, "వాడెందుకేడుస్తున్నాడే అమ్మా?" అనేదానివి. మొదటి సగమంతా నేను వరండా కడుగుతూ ఉండేదాన్ని, నాకేం తెలుసు? "వాడి ఆవు తప్పిపోయిందే" అనేశాను. ఆ పూటకి నోటికొచ్చింది అది. ఇక తర్వాత ఎవరేడ్చినా అదే చెప్పాను. రాజు ఏడ్చినా ఆవే, పోలీసు ఏడ్చినా ఆవే.

ఒకసారి ఓనరు గారు పనివాళ్ళ పిల్లలందర్నీ మొదట్నుంచీ కూర్చోబెట్టి బొమ్మ చూపించారు, గుర్తుందా? ఇంటర్వెల్ దాకా కిమ్మనకుండా చూశావు. లైట్లు వెలగగానే లేచి నిలబడి, "బాబాయ్! వీళ్ళ ఆవేదీ? ఆవు లేకుండా తర్వాత ఎలా ఏడుస్తారు?" అని గట్టిగా అడిగావు. హాలంతా ఘొల్లుమంది. బాబాయి నవ్వాపుకోలేక టార్చిలైటు కింద పడేసుకున్నాడు. ఓనరు గారు నన్ను పిలిచి, "ఏమ్మా, మీ ఆవు ఇంకా దొరకలేదా?" అన్నారు. అక్కడ పనిచేసినన్నాళ్ళూ నన్నందరూ ఆవమ్మ అనే పిలిచారు.

ఇప్పుడా హాలు గోడౌన్ అయింది. అటు వెళ్ళినప్పుడల్లా తలుపు దగ్గర కాసేపు నిలబడతాను. ఆ చీకటీ, వేరుశనగ తొక్కల వాసనా, నా చేతిలో చెమట పట్టిన నీ చిన్న చెయ్యీ గుర్తొస్తాయి. తిన్నా తినకపోయినా నువ్వు నా కళ్ళెదుటే ఉన్నావు. నాకు చేతనైన పెంపకం అదొక్కటే.

ఇప్పుడొకటి చెప్తాను, కోప్పడకు. నీ దగ్గరికొచ్చి ఉండమని నువ్వడిగితే, మోకాళ్ళు సహకరించడం లేదని రాశాను చూడు, అది అబద్ధం. మోకాళ్ళు గుండ్రాళ్ళలా ఉన్నాయి. భయమేసిందే. మీది మూడో అంతస్తు. నువ్వు డ్యూటీలో ఉండగా నాకు కునుకు పట్టి, పిల్ల మెట్ల మీద పడితే? నీకు ఏ మొహం చూపించను? నా భయమే బుజ్జిదాన్ని హాస్టల్ గుమ్మం దాకా తోసింది.

పక్కింటి టైలరమ్మాయితో చెప్పుకుని ఏడిస్తే అదేమందో తెలుసా? "ఊరుకో పిన్నీ, నువ్వక్కడ కూర్చుని కేకలు పెడుతుంటే పిల్ల పడడం కాదు, మెట్లే హడలిపోయి పక్కకి తప్పుకుంటాయి. పద, సామాన్లు సర్దుతాను" అంది.

గది ఖాళీ చేస్తున్నానని ఇంటివాళ్ళకి చెప్పేశాను. గురువారం పొద్దున్నే బస్సు. నువ్వు సెలవు పెట్టకు, దారి అడుగుతూ నేనే వస్తాను. తప్పిపోతానేమోనని దిగులు పడకు, ఆ దిగులేదో నేను పడతాను. ఇంట్లో పిల్లని చూసుకునే మనిషి ఉందని ఆ హాస్టల్ వాళ్ళకి చెప్పెయ్యి. నేనొచ్చేదాకా మాత్రం దాన్ని మెట్ల దగ్గరికి పోనివ్వకు.

ఇట్లు,
బస్సంటే వణుకుతూనే బయల్దేరుతున్న
మీ అమ్మ