రేపటి సంతకం

మార్చి 12, గురువారం, ఉదయం 7.10

అమ్మడూ,

ఎదురుగా చెబితే "నువ్వు పేషెంటువి, పడుకో అమ్మమ్మా" అంటావని రాస్తున్నాను. నిన్న నీ దగ్గర శిక్షణలో ఉన్న నర్సింగ్ పిల్ల నాకు బీపీ మాత్ర అరగంట తేడాతో రెండుసార్లు ఇచ్చింది. అడక్కుండా మింగడం నా తప్పు. కళ్లు తిరిగాయి, ఇప్పుడు తేరుకున్నాను.

పదింటికి విచారణ. ఆ పిల్లను పంపించేస్తారట. "మేడం పక్కన లేరని మాత్రం చెప్పను మామ్మగారూ" అని ఏడ్చింది. ఆమె శిక్షణ రికార్డు చూశాను. మాత్ర ఇచ్చేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నట్టు నిన్నటి గడిలో నీ సంతకం ఉంది. రేపటి గడిలోనూ ఉంది! వారం సంతకాలన్నీ సోమవారమే పెట్టేశావన్నమాట.

1. పదింటికి నిజం నువ్వే చెప్పు. లేదా నేను చెబుతాను.
2. రేపటి సంతకం విచారణ చేసేవాళ్ల ఎదుటే కొట్టెయ్యి.
3. సాయంత్రం నా మాత్ర ఆ పిల్లే ఇవ్వాలి. నువ్వు పక్కన నిలబడాలి.

అమ్మమ్మ