మూడు రేకులుండాల్సిన గుండె

నామీద మోపిన అభియోగం ఇది: చావు కనబడేసరికి ఈ అమ్మాయి దేవుడి పక్షానికి దూకింది. కళాశాల వక్తృత్వ సంఘం అధ్యక్షుడు ఈ మాట క్యాంటీనులో నలుగురి ముందూ అన్నాడు. మా నాన్నగారు ఇంట్లో, నా మంచం పక్కన కూర్చుని, ఇంతకంటే మెత్తగా అన్నారు. మెత్తగా అన్నదే ఎక్కువ గుచ్చుకుంది. దీనికి జవాబు చెప్పకుండా రేపు ఆపరేషన్ బల్ల మీద మత్తుమందు పీల్చడం నాకు ఇష్టం లేదు గనుక ఈ పత్రం రాస్తున్నాను.

జంతుశాస్త్రం పాఠాలు చెప్పే తండ్రికీ, స్కూలు యూనిఫారాలు కుట్టే తల్లికీ ఒక్కగానొక్క కూతురిని, ఇరవై ఒకటో ఏట ఉన్నదాన్ని, తత్త్వశాస్త్ర విద్యార్థినిని అయిన నేను, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా ప్రకటించేది ఏమనగా: నా బుద్ధి నిలకడగానే ఉంది. గుండె విషయంలో ఆ హామీ ఇవ్వలేను. రేపు ఉదయం దాన్ని తెరుస్తారు. అందులో ఒక కవాటానికి మూడు రేకులుండాల్సిన చోట రెండే ఉన్నాయట. దాన్ని కోసి తీసి, మరొకటి అమరుస్తారు. "చాలామంది లేచి ఇంటికి నడిచి వెళ్తారమ్మా" అన్నారు సర్జన్‌గారు. ఆ 'చాలామంది'ని అప్పటినుంచి అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాను. ఎటు తిప్పినా అందులో 'అందరూ' కనిపించడం లేదు.

నేను తిరిగి రాకపోతేనే ఈ పత్రం అమల్లోకి వస్తుంది. అప్పుడు దీన్ని మా ముందుగదిలో, నన్ను బయటికి తీసుకువెళ్ళక ముందే, వచ్చినవారందరి ఎదుటా చదవాలి.

ఒకటి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా వాదనల జోడీ అయిన స్నేహితురాలికి అప్పగిస్తున్నాను. దాన్ని మేమంతా 'ఉరుము' అంటాం. దాని గొంతు రెండో వరుస దాటదు కాబట్టే ఆ పేరు పెట్టాం. చదవాల్సింది అదే. వినబడకపోతే దగ్గరికి జరిగి కూర్చోండి. నా సైకిలు దానికే. ఎడమ బ్రేకు పట్టదు. ఆ సంగతి దానికి తెలుసు, అయినా మరిచిపోతుంది.

రెండు. సంఘం అధ్యక్షుడికి, అనగా ఎవరేం మాట్లాడినా ముందే ఫలితం చెప్పేసే 'తీర్పు'గారికి, అంతర్ కళాశాల పోటీలో నేను గెలిచిన కప్పును ఇస్తున్నాను. ఆయనకు ఎప్పుడూ ఇతరుల కప్పుల్లోనే టీ తాగే అలవాటు. ఇకనైనా సొంతంగా ఒకటి ఉంటుంది. దాంతోపాటు ఒక సవరణ కూడా స్వీకరించగలరు. భయం నమ్మకాన్ని పుట్టించగలిగితే, ధీమా అపనమ్మకాన్ని పుట్టించగలదు. ఒక మాట ఎక్కడ పుట్టిందో చూసి అది నిజమో అబద్ధమో తేల్చడం మన సంఘంలో మొదటి ఏడాది పిల్లలు చేసే పొరపాటు. ఇల్లు అంటుకుందని భయంతో అరిచినవాడు, భయంతో అరిచాడు గనుక అబద్ధమాడినట్టా?

నాకు భయం లేదని నేను ఎక్కడా అనడం లేదు. ఈ పేజీలో అక్షరాలు వంకర పోతున్న చోట్లు చూస్తే తెలుస్తుంది. రక్తపోటు చూడ్డానికి వచ్చిన నర్సు "ఇంతెందుకు కొట్టుకుంటోంది నీ గుండె?" అని అడిగింది. వీలునామా రాస్తున్నానంటే, "అది రేపు రాసుకోకూడదూ?" అంది. ఆ తర్వాత తన మాట తనకే వినబడి, నా దుప్పటి అనవసరంగా సర్దింది.

మూడు. అమ్మా, నా వానకోటు నీకు. లోపలివైపు నా వాదన చీటీలు పెట్టుకోవడానికి నువ్వు కుట్టిన జేబు ఉంది కదా, దాన్ని విప్పకు. నేను భయపడకముందే నమ్మానన్న దానికి నాకున్న సాక్షివి నువ్వొక్కదానివే. రెండేళ్ళ కిందటినుంచి ఆదివారాలు నీతో చర్చికి వస్తున్నాను. నిన్ను దింపడానికని సాకు చెప్పి, వెనక బెంచీలో కూర్చునేదాన్ని. కవాటం సంగతి బయటపడింది మొన్నీమధ్య గ్రంథాలయం మెట్ల మీద నేను కూలబడినప్పుడు. నమ్ముతున్నానని అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. కానీ నిన్న నువ్వు జడ అల్లుతూ అన్నావు: "పాటకి నీ పెదాలు కదలడం అప్పుడే చూశానే. నోరెత్తలేదు. ఎత్తితే ఎక్కడ వాదన పెట్టుకుని మానేస్తావోనని." అమ్మా, ఈ ఇంట్లో మాట్లాడకుండా గెలిచింది నువ్వొక్కదానివే.

నాలుగు. పాస్టరుగారికి నా భూతద్దం. చర్చి వెనకగోడ మీద పట్టిన నాచును గీకించి సున్నం వేయిస్తామని ప్రకటించారు. గీకించే ముందు ఈ అద్దంతో ఒకసారి చూడండి. ఆ నాచు నుంచి వెంట్రుకంత కాడలు లేస్తాయి, వాటి కొసన గింజంత బుడిపెలుంటాయి. ప్రతి బుడిపె నోటి చుట్టూ పళ్ళ వరుస ఉంటుంది. గాలి పొడిగా ఉంటే ఆ పళ్ళు విచ్చుకుని బీజాలను వదులుతాయి, చెమ్మగా ఉంటే మూసుకుంటాయి. సృష్టి సృష్టికర్తను వెల్లడిస్తుందని మీరు వేదిక మీద నుంచి ఎన్నోసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ కొండల్నీ సముద్రాల్నీ చూపించారు. మీ వీపు వెనక గోడను ఒక్కసారీ చూపించలేదు.

ఇంకొకటి. నా సమాధి దగ్గర నన్ను సాక్ష్యంగా వాడుకోవద్దని మనవి. "భయం కూడా ప్రభువు పిలుపేనమ్మా" అని మొన్న ఆసుపత్రికి వచ్చి అన్నారు. దయతోనే అన్నారు, కాదనను. అయితే అధ్యక్షుడు తిట్టుగా అన్నదాన్నే మీరు దీవెనగా అన్నారు. నన్ను ఎవరూ తరుముకురాలేదండీ. చూసి, నడిచి వచ్చాను.

ఐదు. పక్క మంచం మామ్మగారికి నా ఉన్ని శాలువా రాసిద్దామనుకున్నాను. సాక్షి సంతకం చేసేవారికి వీలునామాలో ఏదీ రాసివ్వకూడదని నియమం. అందుచేత దాన్ని సంతకానికి ముందే ఆమె చేతికిచ్చేశాను. "పోతూపోతూ చట్టం చదువుతావేమే" అని నవ్వారామె. కప్పుకున్నారు కూడా.

ఆరు. నాన్నా, ఇది మీకు.

నా కళాశాల మొదటి సంవత్సరంలో ఒక సెలవు రోజున నన్ను మీ ప్రయోగశాలకు తీసుకువెళ్ళారు. కోడిగుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోసి, నన్ను వంగి చూడమన్నారు. పచ్చసొన మీద ఎర్రటి చుక్క ఒకటి ఎగురుతోంది. "ఇదే గుండె. నరాలింకా దీన్ని చేరనేలేదు. ఎవరూ చెప్పకుండానే మొదలెట్టేసింది చూడు" అన్నారు. మీరు దాన్ని తరగతిలో చెప్పే పాఠంలాగే చెప్పారు. నాకు మాత్రం, దానికి కొట్టుకోమని చెప్పినవారెవరో గదిలోంచి అప్పుడే బయటికి వెళ్ళినట్టనిపించింది. ఆ రోజు నా గుండె గురించి మనిద్దరికీ ఏమీ తెలియదు. నా నమ్మకం పుట్టింది ఆసుపత్రిలో కాదు, మీ బల్ల దగ్గర.

ఆ గుడ్డులో నేను క్రీస్తును చూశాననడం లేదు. అంత పెద్ద మాట గుడ్డు మీద మోపను, పగిలిపోతుంది. ఎవరో ఉన్నారు, ఆ ఎవరో సమర్థులు, చిన్నదాన్ని కూడా చిన్నచూపు చూడనివారు. సృష్టి నాకు చెప్పింది ఇంతవరకే. ఆ ఎవరో నన్ను ఎరుగుదురా, నన్ను క్షమిస్తారా అన్నది వెనక బెంచీలో విన్నాను: చేసినవాడే చిరగగల శరీరంలోకి వచ్చాడని, అది చిరిగిందని.

ఇక మీ ప్రశ్న. "గుడ్డు ఆయన చేతిరాత అయితే, నీ కవాటం ఎవరి చేతిరాత తల్లీ?" అని అడిగారు. నేను ఎదుర్కొన్న ప్రశ్నలన్నిటిలో గట్టిది ఇదే. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. రోజూ వెతుకుతూనే ఉన్నాను. సృష్టి వెలుగుతూనే నొప్పులు పడుతోందని మా విశ్వాసం చెబుతుంది. ఆ మాట చదివినప్పుడు సరిపోయింది. స్కానింగు బల్ల మీద పడుకున్నప్పుడు చాల్లేదు. అయితే ఒకటి గమనించాను. రిపోర్టు చూసి మీరన్న మొదటి మాట, "మూడుండాల్సింది". ఎవరి ప్రకారం ఉండాల్సింది, నాన్నా? ఎక్కువమందికి మూడుంటాయి గనుక అలా అన్నానంటారు. న్యాయమే. కానీ సగటు తప్పినందుకు ఎవరూ బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడవరు. గోడ పలచన, నాన్నా, విన్నాను. ఏదో చెడిందని మీకు తెలుసు. చెడడానికి ముందు ఒక మంచి ఉద్దేశం ఉండి తీరాలి. ఆ ఉద్దేశించినవారినే నేను నమ్ముతున్నాను. చిరిగిన శరీరం తనదీ అయినవాడు గనుక, నా శరీరం గురించి ఆయన్ని నిలదీయగలుగుతున్నాను కూడా.

ఏడు. సర్జన్‌గారు ఒప్పుకుంటే, కోసి తీసిన నా కవాటాన్ని సీసాలో పెట్టి నాన్నగారి ప్రయోగశాలకు ఇవ్వాలి. పిల్లలకు చూపించండి. చీటీ మీద 'లోపం' అని రాసుకోండి, అభ్యంతరం లేదు. పక్కనే ఒక గుడ్డును కూడా ఉంచండి.

ఎనిమిది. చివరి షరతు. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతివాదికి జవాబిచ్చే ముందు, అతని వాదాన్ని అతనికంటే బాగా చెప్పాలి. "అవును, నాది ఇదే" అని అతను ఒప్పుకున్నాకే మన వంతు. ఆసుపత్రిలో చేరిన రోజున మీ వాదాన్ని మీకు చెప్పాను, నాన్నా. ప్రకృతికి సాక్ష్యం చెప్పే పని లేదని, భయం మనిషికి లేని ముఖాలు చూపిస్తుందని, అన్నీ చెప్పాను. "ఇంత బాగా నేనూ చెప్పలేదే" అని నవ్వారు. ఇప్పుడు నాది మీరు చెప్పండన్నాను. "ముందు బాగవ్వవే, తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం" అని ఫ్లాస్కు తీసుకుని కాఫీకి వెళ్ళిపోయారు.

నా అసలు భయం అది. కత్తి కంటే అదే పెద్దది. రేపు నేను లేవకపోతే, మీ లెక్కలో నా నమ్మకం జబ్బు లక్షణాల్లో ఒకటిగా మిగిలిపోతుంది. జ్వరం, ఆయాసం, దేవుడు.

కాబట్టి ఈ గదిలో కూర్చున్న అందరినీ అడుగుతున్నాను. నాన్నగారిని లేచి నిలబడనివ్వండి. నా వాదాన్ని నా పక్షాన ఆయన చెప్పాలి. నమ్మనక్కర్లేదు, న్యాయంగా చెబితే చాలు. సరిగ్గా చెప్పారో లేదో ఉరుము తేలుస్తుంది. తప్పితే మళ్ళీ చెప్పించాలి. మధ్యలో ఆయన ఆగిపోతే మీరూ ఆగండి. ఎవరూ పాట ఎత్తుకోవద్దు, ఎవరూ ఆయన మాట అందుకోవద్దు, ఎవరూ గడియారం చూడొద్దు. ఆయన ముగించేదాకా నన్ను ఇక్కడినుంచి ఎత్తకండి.

సోమవారం, శస్త్రచికిత్సకు ముందురోజు, సందర్శకుల వేళ ముగిశాక, గుండెజబ్బుల వార్డులో, కిటికీ పక్క మంచం మీద కూర్చుని నా చేత్తో రాసి సంతకం చేశాను.

(సంతకం) వక్తృత్వ సంఘం ఉపాధ్యక్షురాలు, మా అమ్మానాన్నల కూతురు

సాక్షులు:
1. (సంతకం) వార్డు హెడ్ నర్సు
2. (వేలిముద్ర) పక్క మంచం మామ్మగారు. పత్రమంతా చదివించుకుని విన్న తర్వాతే వేశారు.