మందునీళ్ళలో ముంచని సూటు

బొనైర్ ద్వీపంలో రింకోన్ ఊరి కాపురస్థురాలిని, కీర్తిశేషులు ఉబాల్దో యాంగా భార్యను, ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సు ఉద్యోగం చేసి రిటైరైన ఎర్సీలియా మార్తా యాంగా అనే నేను, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతి రాతతో రాసుకుంటున్న మరణశాసనం ఇది. కడుపులో గడ్డ కాలేయం దాకా పాకింది. క్రిస్మస్ దాటడం కష్టమని డాక్టరు చెప్పారు. అక్షరాలు వంకరపోతే అది మాత్రల వల్లనే గాని బుద్ధి చెడి కాదు. ఇంతకుముందు నేను రాసిన కాగితాలేవైనా ఉంటే అవి చెల్లవు.

దీనిని అమలు జరిపే బాధ్యత వీబే టెర్ప్‌స్ట్రాకు అప్పగిస్తున్నాను. హాలండులో లెక్కల మాస్టారుగా చేసి ఇక్కడ స్థిరపడిన వీబే, పదహారేళ్ళుగా గాలి ట్యాంకు కట్టుకుని నాతోపాటు సముద్రంలోకి దిగుతున్నాడు. నన్ను ఇప్పటికీ 'మీరు' అనే అంటాడు. వీబే, ఈ కాగితం నోటరీ గారి గదిలో నువ్వే పైకి చదవాలి. నాలుగో అంశం దగ్గర ఆపేయాలనిపిస్తుంది. ఆపకు.

ఒకటి. రింకోన్‌లోని ఇల్లు, వెనక ముళ్ళకంచెతో ఉన్న స్థలం, ఏడు మేకలు, వంటింటి సామాను యావత్తూ నా చెల్లెలు మెల్వాకు చెందాలి. ఆమె తరవాత ఎవరికనేది ఆమె ఇష్టం.

ఇల్లు మెల్వాకు ఎందుకో రాయడం న్యాయం. నా భర్త ఉబాల్దోకు షుగరు వల్ల కుడికాలి మీద పుండు పడి ఎనిమిదేళ్ళు మానలేదు. నేను సముద్రంలో ఉన్న రోజుల్లో ఆ పుండు కడిగి కట్టు కట్టింది బట్టల కొట్లో పనిచేసే మెల్వా. ఇంట్లో నర్సు ఉండగా కట్టు ఆమె కట్టింది. ఒకరోజు గుమ్మంలోనే నన్ను నిలబెట్టి అడిగింది. "సముద్రంలో రాళ్ళకేమో నువ్వు మందు పూస్తావు. ఇంట్లో మొగుడి కాలికి నేను పూయాలా అక్కా? ఇదెక్కడి ఏర్పాటే?" అవి రాళ్ళు కావు, పగడాలు, ప్రాణమున్నవి అన్నాను. "ఆయనకీ ప్రాణముందిలే" అంది. మూడు నెలలు మాట్లాడుకోలేదు. ఆ మూడు నెలలూ కట్టు కట్టడం మాత్రం మానలేదు. మెల్వా, నువ్వన్నది నిజమే. అప్పుడే ఒప్పుకోవలసింది.

రెండు. నా రెండు బల్లేలు, చేపలు వేసుకునే ప్లాస్టిక్ గొట్టం ఎవరికీ ఇవ్వడానికి నాకు హక్కు లేదు. ఈ ద్వీపంలో బల్లెంతో చేపను పొడవడం నేరం. సింహచేపను చంపడానికి మాత్రమే, పేరు రాయించుకున్న వాలంటీర్లకు మాత్రమే వాటిని ఇచ్చారు. నా పేరు కొట్టివేయించి, వాటిని సముద్ర పార్కు ఆఫీసులో తిరిగి అప్పగించాలి.

రెండు వేల తొమ్మిదిలో ఆ చేప మొదటిసారి మా తీరంలో కనిపించినప్పుడు ఉబాల్దోనే వచ్చి చెప్పాడు. "ఒంటినిండా ఈకలు పెట్టుకుని పెళ్ళికొచ్చినట్టుంది. మనిషిని చూసి జరగను కూడా జరగదు" అన్నాడు. అది ఈ సముద్రానిది కాదు. ఇక్కడ దాన్ని తినేవాళ్ళు లేరు. అది మాత్రం పగడాల సందుల్లోని పిల్లచేపలన్నిటినీ తినేసేది. పందొమ్మిది మందిమి కూడాం. ఆదివారం పూజ అయ్యాక పడవలు, ట్యాంకులు వేసుకుని బయలుదేరేవాళ్ళం. ముళ్ళు కత్తిరించి, వేయించి, ఫుంచీ అనే జొన్న సంకటితో పెట్టి ఊరంతటికీ తినడం అలవాటు చేశాం, మెల్వాకు తప్ప. "దాని మొహం చూస్తేనే నాకు జ్వరమొస్తుంది" అనేది.

నా ఒక్కదాని బల్లెం మీదే ఆరువేల నాలుగు వందల పైచిలుకు చేపలు చచ్చాయి. గెలిచామనుకున్నాం. తరవాత ఒకసారి వీబే కెమెరాను తాడుకు కట్టి, మనిషి దిగలేని లోతుకు దించాడు. అక్కడ గుంపులు గుంపులుగా ఉన్నాయి. తీరిగ్గా గుడ్లు పెట్టుకుంటున్నాయి. పడవలో ఆ బొమ్మలు అందరం చూశాం. మరుసటి ఆదివారానికి పందొమ్మిది మందిలో పదకొండు మందే వచ్చారు.

మూడు. నీలం అంచున్న పెద్ద పింగాణీ గిన్నెను పగలగొట్టి పారేయాలి. మెల్వా అడిగినా ఇవ్వకూడదు. పిండి కలిపే ఆ గిన్నెలోనే నేను పగడాల మందు కలిపేదాన్ని. యాంటీబయాటిక్ పొడిని జిగురు ముద్దలో కలిపి, సిరంజీల్లో నింపుకుని, నీళ్ళ అడుగున పగడం మీద తెగులు పాకే అంచు వెంబడి వేలితో అదిమేవాళ్ళం. రెండు వేల ఇరవై మూడులో వచ్చిన ఆ తెల్లతెగులు సింహచేప లాంటిది కాదు. కంటికి కనిపించదు, పొడవడానికి వీల్లేదు. మూడు వందల ఏళ్ళ పగడం ఒంటి మీది మాంసాన్ని ఐదారు వారాల్లో ఒలిచేసి తెల్లటి ఎముక మిగులుస్తుంది.

నాలుగు. ఈ అంశం ఎల్వియో వింక్లార్ గురించి. ఇందులో ఒక్క మాట కూడా తీసివేయడానికి వీల్లేదు.

ప్లాయా కలబాస్ అఖాతంలో ఒక పగడం ఉండేది. మా నాన్న పడవకన్నా పెద్దది. మేము దానిని వేలా అనేవాళ్ళం, అమ్మమ్మ అని. నేను ఈత నేర్చుకున్నది దాని మీదుగానే. తెగులు దక్షిణాన రేవు దగ్గర మొదలైనప్పుడు మా ఉత్తరపు అఖాతం ఇంకా శుభ్రంగా ఉంది. అందుకని వాలంటీర్లం ఒక నియమం పెట్టుకున్నాం. రోగమున్న నీళ్ళలో దిగిన ఈత సూటు, కాళ్ళకు తొడిగే రెక్కలు, మాస్కు అన్నీ మందునీళ్ళ తొట్టిలో ఇరవై నిమిషాలు నానబెట్టనిదే వేరే నీళ్ళలోకి దిగరాదు. ఆ నియమం కాగితం మీద రాసింది నేను. ప్రతి పడవ వాడి దగ్గరికీ పోయి చదివి వినిపించిందీ నేనే.

ఆ ఏడు ఏప్రిల్‌లో ఎల్వియో తన పడవలో దక్షిణపు రేవు నుంచి టూరిస్టులను ప్లాయా కలబాస్‌కు తెచ్చాడు. ఐదు వారాల తరవాత వేలా నడుమున అరచేయంత తెల్లమచ్చ కనిపించింది. ఊరి హాలులో మీటింగు పెట్టాం. నేను లేచి అందరి ఎదుటా ఎల్వియో వైపు వేలు చూపించాను. "నాలుగు డబ్బుల కోసం తొట్టి తప్పించుకుని వచ్చి, రోగాన్ని మా గుమ్మంలో దింపావు" అన్నాను. అతను టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "సిస్టరమ్మా, అన్నీ నానబెట్టే తెచ్చాను. మా అమ్మ మీద ఒట్టు. మీరు చెప్పాక నేనెందుకు చేయను?" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. నర్సు చెబుతోంది మరి. అతని పడవ ఎక్కేవాళ్ళు లేకపోయారు. ఏడాదిలో పడవ అమ్మేశాడు. ఇప్పుడు నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నాడు. అతని భార్య చర్చిలో నా వరసలో కూర్చోదు.

ఇప్పుడు జరిగింది రాస్తున్నాను. ఎల్వియో వచ్చి వెళ్ళిన రెండు రోజులకు, పొద్దున్నే, దక్షిణపు రేవు దగ్గర రోగమున్న పగడాలకు మందు పెట్టడానికి వెళ్ళాను. అక్కడినుంచి తిరిగి బయలుదేరేసరికి సాయంత్రం నాలుగున్నర. ఆ వారం మెల్వా పక్క ద్వీపం కురసావులో ఉంది. ఆరింటికల్లా ఉబాల్దోకు కట్టు మార్చాలి. దారిలో ప్లాయా కలబాస్ దగ్గర బండి ఆపాను. వేలాను ఒక్కసారి చూసి పోదామనిపించింది, అంతే. తొట్టి బండి వెనకే ఉంది. మందు సీసా కూడా ఉంది. ఇరవై నిమిషాలు నానబెడితే కట్టుకు ఆలస్యమవుతుంది. తడి సూటుతోనే దిగాను. అలకు కొంచెం తూలి, వేలా నడుము మీద చేయి ఆనించాను. మచ్చ వచ్చింది సరిగ్గా అక్కడే.

చూసుకోవడానికి మెల్వా లేదు గనుక ఆ రోజు ఉబాల్దోను వెంట తీసుకెళ్ళాను, బండిలోనే ఉన్నాడు, కాలు చాపుకుని. నేను పైకి రాగానే "సూటు నానబెట్టావా?" అని అడిగాడు. రేవు దగ్గరే నానబెట్టానన్నాను. నలభై ఏళ్ళ కాపురంలో ఆయనకు నేను చెప్పిన అబద్ధాల్లో అది చిన్నదే. మీటింగు నుంచి ఇంటికి వస్తూ ఆయన, "ఎల్వియో జాగ్రత్తపరుడే" అన్నాడు. పోయేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

వేలాకు పద్నాలుగు నెలలు మందు పెట్టాను. ఒకచోట ఆగితే మరోచోట మొదలయ్యేది. ఆఖరి వారం నా అరచేతికి సరిపడా గోధుమరంగు మిగిలింది, తరవాత అదీ లేదు. ఇప్పుడు దాని మీద నాచు పట్టింది.

వీబే, చదవడం ఆపి, ప్రవాహమే మోసుకొచ్చి ఉండొచ్చు కదా అంటావు. ఉండొచ్చు. ముప్పై ఒక్క ఏళ్ళు వార్డు బయట కూర్చున్న వాళ్ళకు నేనూ అలాంటి మాటలే చెప్పాను. చేతులు కడుక్కోకుండా వచ్చిన నర్సులను ఏం చేసేదాన్నో కూడా నాకు గుర్తుంది.

కనుక, ఏ హాలులో నేను వేలు చూపించానో అదే హాలులో, ఊరివాళ్ళను పిలిచి, ఈ నాలుగో అంశాన్ని డచ్చిలో కాకుండా మా పాపియమెంతు భాషలో పైకి చదవాలి. ఎల్వియోను పిలవాలి, రమ్మని బలవంతపెట్టకూడదు. నా పికప్ బండి, నా ట్యాంకులు, గాలి నింపే యంత్రం అతనికి చెందాలి. అతను వద్దంటే అదీ సరే. క్షమించమని అడగడం లేదు. బతికుండగా అడగడానికి రెండున్నరేళ్ళ టైము దొరికింది. వారానికి రెండుసార్లు అతని ట్యాంకరు మా వీధిలోనే పోయేది.

సూటును చర్చి వెనక స్థలంలో కాల్చేయాలి.

ఐదు. నా నోటుపుస్తకాలు పదకొండూ వీబేకు. ప్లాయా కలబాస్‌లో ఏ పగడం ఎక్కడుందో, ఏది ఎప్పుడు పోయిందో వాటిలో ఉంది. రెండు వందల పద్నాలుగు పగడాలు గీశాను. పోయిన నెల వీబే చూసి వచ్చి తొమ్మిదే మిగిలాయన్నాడు. మన ఇద్దరం తప్ప మిగిలినవాళ్ళంతా మానేశారు, నేను మంచమెక్కాను, నువ్వూ మానెయ్యరాదా అన్నాను. "తొమ్మిదున్నాయి కదా మేడమ్. మీకు నొప్పి తగ్గాక చెప్పండి, సోమవారం వెళ్దాం" అన్నాడు. పటం మీద అతను పెన్సిల్‌తో చుట్టిన తొమ్మిదింటిలో రెండింటికి అంచున తెలుపు మొదలైందని అతని మొహం చూస్తేనే తెలిసింది.

వీబే, నీకు డెబ్బై నాలుగేళ్ళు. ఈ పుస్తకాల వల్ల నీ మీద ఏ బాధ్యతా లేదు. ఒంటరిగా దిగకు. ఆ తొమ్మిదీ పోయాక ఖాళీ పేజీలు చూస్తూ కూర్చోకు. మెల్వా దగ్గరికి వెళ్ళు, భోజనం పెడుతుంది. నీ కంచంలో పచ్చిమిరపకాయలతో ఊరబెట్టిన ఉల్లిపాయ వేయొద్దని ఆమెకు చెప్పే ఉంచాను.

ఆరు. మా వాలంటీర్లలో ఎవరు పోయినా దహనం చేయించి, బూడిద తీసుకుపోయి, ట్యాంకులు కట్టుకుని దిగి, పగడాల మధ్య వదలడం ఆనవాయితీ. ముగ్గురికి నేనే వదిలాను. నన్ను దహనం చేయవద్దు. రింకోన్ శ్మశానంలో ఉబాల్దో పక్కన మట్టిలో పెట్టండి. ప్లాయా కలబాస్‌కు ఎవరూ వెళ్ళవద్దు, ఒక్క పువ్వు కూడా వేయవద్దు. నా చేతుల మీదుగా ఆ నీళ్ళలోకి చేరింది చాలు.

రెండు వేల ఇరవై ఐదు, నవంబరు పదకొండు, మంగళవారం, రింకోన్‌లో నా ఇంటి వరండాలో కూర్చుని రాసి, చదువుకుని, సంతకం చేశాను.

(సంతకం) ఎర్సీలియా మార్తా యాంగా

సాక్షులు. ఆమె సంతకం చేయడం కళ్ళారా చూశాం. లోపల ఏమి రాసిందో చదవమని ఆమె చెప్పలేదు, మేము చదవలేదు.

1. ఇలీన్ మెర్సెరా, పక్కింటి నివాసి
2. నార్సిసో దోమకాసే, చర్చి సంరక్షకుడు