పన్నెండు గొంతులకు ఒకే కార్డు

తికోచిన్,
3 ఏప్రిల్ 2006

బ్యావిస్టోక్ జిల్లా ఆరోగ్య బీమా కార్యాలయం వారికి,

అయ్యా, నమస్కారం.

నా పేరు గెనోవెఫా కులేషా. ముప్పై రెండేళ్లు బడి వంటశాలలో గరిటె తిప్పి, ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాను. మా చర్చిలో పాడే ఆడవాళ్లం పన్నెండుమందిమి జూన్‌లో బస్సు కట్టించుకుని ఇటలీ వెళ్తున్నాం. రవెన్నా దగ్గర ఒక ఊళ్లో పాటల పండగట, మమ్మల్నీ పిలిచారు. మా ఫాదర్ గారేమో, "యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు లేకుండా సరిహద్దు దాటారో, జలుబు చేసినా ఆవును అమ్ముకోవాలి" అని భయపెట్టారు. నాకు ఆవు లేదు. కాబట్టి కార్డు పంపించగలరు.

పన్నెండుమందికీ ఒకటి చాలు. మేం ఎక్కడికెళ్లినా కలిసే వెళ్తాం, కలిసే తింటాం, ఒకరికి దగ్గొస్తే అందరికీ వస్తుంది. పేరు రాసే చోట "గాయక బృందం, తికోచిన్" అని వేయించండి.

ఇట్లు,
గెనోవెఫా కులేషా

తా.క.: కార్డు మీద ఫొటో ఉండేట్టయితే ముందుగా చెప్పండి. మా బొగ్నా జుట్టుకు రంగు వేయించుకోవాలట.

•

బ్యావిస్టోక్,
11 ఏప్రిల్ 2006

గౌరవనీయులైన గెనోవెఫా కులేషా గారికి,

మీ ఉత్తరం అందింది. యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు ఉచితం. అయితే ఒక మనిషికి ఒక కార్డు. దగ్గు అందరికీ ఒకేసారి వచ్చినా, వైద్యుడు ఒక్కొక్కరి గొంతులోకే చూడాలి గనుక బృందం పేరిట కార్డు ఇవ్వలేము. పన్నెండు దరఖాస్తులు జతపరచాను.

కార్డు పనిచేసేది ప్రభుత్వ వైద్యశాలల్లోనే, ప్రైవేటు క్లినిక్కుల్లో చెల్లదు. అక్కడి పౌరులకు ఎలా వైద్యం చేస్తారో మీకూ అలాగే చేస్తారు. కానీ వైద్యం కోసమే పనిగట్టుకుని వెళ్లేవారికి ఈ కార్డు వర్తించదు. తిరిగి ఇంటికి వచ్చేదాకా ఆగలేని వైద్యానికి మాత్రమే.

భవదీయ,
ఇ. వోల్క్

తా.క.: కార్డు మీద ఫొటో ఉండదు. బొగ్నా గారు తొందరపడనవసరం లేదు.

•

తికోచిన్,
19 ఏప్రిల్ 2006

అయ్యా వోల్క్ గారూ,

నమస్కారం. మీ ఉత్తరం రిహార్సల్‌లో అందరికీ చదివి వినిపించాను. "ఆగలేని వైద్యం" అన్న మాట దగ్గర చప్పట్లు కొట్టారు. ఎందుకంటే, మా హలీనా మోకాలు మూడేళ్లుగా ఆసుపత్రి వరుసలో నిలబడి ఉంది. "ఇంక ఒక్కరోజు కూడా ఆగలేను" అని ఆ మోకాలే అంటోందట. మార్తా కంట్లో శుక్లం ఉంది, అదీ ఆగేట్టు లేదు. నా నడుం సంగతి సరేసరి. రవెన్నాలో దిగగానే మొదట ఎవరిని చూపించాలో వరుస రాసి పంపిస్తే, మేం అలాగే నడుచుకుంటాం. పాట సాయంత్రం కదా, పొద్దున ఖాళీయే.

దరఖాస్తులు పన్నెండూ నేనే నింపి, పన్నెండు సంతకాలూ నేనే చేశాను. మా అందరిలో నా చేతిరాతే బాగుంటుంది.

దీంతోపాటు ఎండు పుట్టగొడుగుల దండ ఒకటి పంపిస్తున్నాను. అడవిలో నేనే ఏరినవి. మగవాళ్లు ఆఫీసుల్లో ఏం తింటారో నాకు తెలుసు.

ఉంటాను,
గెనోవెఫా కులేషా

తా.క.: మా బొగ్నా ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ముద్రలు కొట్టిన మనిషి. చేతిరాత చూసి జాతకం చెప్పేస్తుంది. మీ సంతకం చూసి, "ఈయన తాగి వచ్చి తలుపులు బాదే రకం కాదు" అంది. మీకు పెళ్లయిందా?

•

బ్యావిస్టోక్,
27 ఏప్రిల్ 2006

గౌరవనీయులైన కులేషా గారికి,

దరఖాస్తులు తిప్పి పంపుతున్నాను. మీ చేతిరాత నిజంగానే బాగుంది. అయినా ఎవరి సంతకం వారే చేయాలి.

మోకాలి విషయం. ఇక్కడి వరుసలో ఆగలేకపోవడం వేరు, ఇటలీలో మెట్ల మీద జారిపడి ఆగలేకపోవడం వేరు. హలీనా గారు అక్కడ జారిపడితే కార్డు ఆదుకుంటుంది. ఆదుకుంటుంది కదా అని జారిపడకూడదు. మార్తా గారి శుక్లం కూడా ఇంటికొచ్చేదాకా ఆగుతుంది. ఉన్నట్టుండి ఎవరికైనా రక్తపోటు పెరిగినా, ఉన్న జబ్బే ముదిరినా మాత్రం సంకోచించకుండా చూపించుకోండి.

ఉద్యోగులు కానుకలు తీసుకోవడం నిషిద్ధం. పుట్టగొడుగులు తిప్పి పంపుదామనుకున్నాను. ఈలోగా ఆ వాసన రెండో అంతస్తుదాకా పాకింది.

వివాహం గురించి అడిగారు. కార్డు జారీకి ఆ వివరం అవసరం లేదు.

భవదీయ,
ఇ. వోల్క్

తా.క.: సూప్ చాలా బాగా కుదిరింది. మా వాచ్‌మన్ రెండుసార్లు అడిగి పోయించుకున్నారు.

•

తికోచిన్,
5 జూన్ 2006

వోల్క్ బాబూ,

ఇంకా "అయ్యా" అని రాయడం ఏం బాగుంటుంది? నువ్వు నా తమ్ముడి లాంటివాడివి. కార్డులు పన్నెండూ వచ్చాయి. నీలం రంగు, నక్షత్రాలు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. హలీనా తన కార్డు మోకాలికి చూపించి, "అణిగిమణిగి ఉండు" అని బెదిరించింది.

నువ్వు పెళ్లి గురించి "అవసరం లేదు" అని రాశావు. ఆ మాట మా రిహార్సల్‌లో పాటకంటే ఎక్కువసేపు నడిచింది. "అవసరం లేదన్నాడంటే ఒంటరివాడే" అని మార్తా. "ఎవరో మనసు విరిచేసి ఉంటారు" అని హలీనా. బొగ్నా మాత్రం, ఆ ఉత్తరం ఒకసారి ఇస్తే ఇంటికి తీసుకెళ్లి చూసుకుంటానంది. చేతిరాత కోసమేనట!

బొగ్నాకు అరవయ్యారు. పెళ్లి కాలేదు. ఊరందరి ఉత్తరాలకూ ముద్ర కొట్టింది గానీ, దాని పేరుమీద వచ్చినవన్నీ కరెంటు బిల్లులే. వంట మాత్రం అంతంతే, అబద్ధం చెప్పను. కానీ మనసు వెన్న. నీ వయసెంత?

మీ అక్క,
గెనోవెఫా

తా.క.: కార్డులు పారేసుకుంటారని పన్నెండూ నా బిస్కెట్ డబ్బాలో పెట్టి తాడు కట్టాను.

•

బ్యావిస్టోక్,
8 జూన్ 2006

గౌరవనీయులైన గెనోవెఫా గారికి,

దయచేసి డబ్బా తాడు వెంటనే విప్పి, ఎవరి కార్డు వారికి ఇవ్వండి. ఇది సలహా కాదు, బతిమాలడం.

నా గురించి మీరు కొంత పొరబడ్డారు. అది ఉత్తరంలో రాస్తే బాగుండదు. మీరు క్షేమంగా తిరిగి వచ్చాక చెబుతాను. ఈలోగా బొగ్నా గారికి ఎవరూ ఏమీ ఆశ పెట్టకండి.

ప్రయాణం సుఖంగా సాగాలని కోరుతూ,
ఇ. వోల్క్

తా.క.: ఏదైనా జరిగితే ఆసుపత్రి నుంచి మాకు ఫ్యాక్స్ పంపించవచ్చు. కార్డుకు బదులుగా తాత్కాలిక పత్రం ఇస్తాము. నంబరు కింద ఉంది. అవసరం రాకూడదు.

•

ఫ్యాక్స్
రవెన్నా దగ్గరి ఆసుపత్రి నుంచి
17 జూన్ 2006, శనివారం పొద్దున

వోల్క్ బాబూ,

శనివారం మీ ఆఫీసు మూసి ఉంటుందని తెలుసు. అయినా పంపిస్తున్నాను. ఇంకెవరికి పంపాలి?

తెల్లారేసరికి బొగ్నా కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. నిన్న తిన్న నత్తగుల్లల వల్లేమో అనుకున్నాం. టాక్సీవాడు ఒక పాలరాతి మెట్ల క్లినిక్కు ముందు దింపాడు. అది ప్రైవేటుదని తెలియగానే నీ మాట గుర్తొచ్చి, బొగ్నాను మళ్లీ టాక్సీ ఎక్కించి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొచ్చాం. అపెండిక్స్ అట. ఇంకాసేపట్లో కోస్తారు. డాక్టరమ్మ బంగారు తల్లి, పత్రం వచ్చినా రాకపోయినా ఆపరేషన్ ఆగదంది. కింద కిటికీ దగ్గరాయన మాత్రం కార్డు, కార్డు అంటున్నాడు.

డబ్బా లేదు బాబూ. ఆస్ట్రియాలో బస్సు ఆగినప్పుడు శాండ్‌విచ్ తింటూ బెంచీ మీద పెట్టాను, అక్కడే ఉండిపోయింది. నువ్వు బతిమాలావు. నేను వినలేదు.

బొగ్నా ఏడుస్తోంది. నొప్పికి కాదు. "నన్ను ఇక్కడ వదిలేసి మీరు వెళ్లి పాడండి. నావల్ల ఎప్పుడూ ఎవరికీ ఇబ్బంది కలగలేదు, ఈ ముసలి వయసులో కలిగింది" అంటోంది. చేయి పట్టుకుంటే మంచులా ఉంది. నాకు భయంగా ఉంది.

గెనోవెఫా

తా.క.: దాని పూర్తి పేరు బొగ్నా లిప్స్కా. పుట్టినతేదీ 2 మార్చి 1940. ఆరేళ్లుగా అరవై అనే చెబుతోంది, పత్రం మీద మాత్రం నిజమే వేయి.

•

ఫ్యాక్స్
బ్యావిస్టోక్, 17 జూన్ 2006, పదకొండు గంటల ఇరవై నిమిషాలు

గెనోవెఫా గారికి,

బొగ్నా లిప్స్కా గారి తాత్కాలిక పత్రం దీని వెంటే వస్తోంది. కిటికీ దగ్గరాయనకు ఇవ్వండి. ఇది కార్డుతో సమానం. మిగతా పదకొండు పత్రాలు కూడా పంపుతున్నాను. మీ బృందం దగ్గులు ఒకేసారి వస్తాయని రాశారు కదా. డబ్బా గురించి ఇప్పుడు ఆలోచించకండి. మంచి ఆసుపత్రికే తీసుకెళ్లారు, సమయానికే తీసుకెళ్లారు.

ఆమె మెలకువలోకి రాగానే కబురు పంపండి. ఇక్కడే ఉంటాము.

ఇ. వోల్క్

తా.క.: బొగ్నా గారూ, భయపడొద్దు. నాకూ ఇదే ఆపరేషన్ అయింది. వారం తిరక్కుండా కట్టెలు కొట్టాను. మీరు ఎవరికీ ఇబ్బంది కాదు.

•

తికోచిన్,
26 జూన్ 2006

వోల్క్ బాబూ,

బొగ్నా బాగుంది. ఆదివారం అందరం ఇల్లు చేరాం.

నీ పత్రం చూడగానే కిటికీ దగ్గరాయన ముద్ర కొట్టి నవ్వాడు. మేం పండగకు వెళ్లనే లేదు. పదకొండుమందిమీ ఆసుపత్రి వరండాలో నిలబడి, తెర లాగిన ఆ గది ముందు పాడాం. నర్సు గద్దించడానికి వచ్చి, అక్కడే కూలబడి కళ్లు తుడుచుకుంది. మంద్రంగా పాడే అల్టో గొంతు ఒకటి తక్కువైందని లోపలినుంచి బొగ్నా సన్నగా అందుకుంది. కుట్లు లాగుతాయే పిచ్చిదానా అంటే వినదు!

ఇప్పుడు అసలు సంగతి. నీ ఫ్యాక్స్ చివర రాసిన ఆ నాలుగు ముక్కలు బొగ్నా కత్తిరించుకుంది. ఆసుపత్రిలో దిండు కింద, బస్సులో రవికెలో, ఇప్పుడు ప్రార్థన పుస్తకంలో. "నాకు ఎవరూ ఇలా రాయలేదు" అంటుంది. మునుపటి ఉత్తరాలకంటే ఈసారి రాత కాస్త వంకరగా ఉందట. "కంగారులో చేయి వణికింది పాపం" అని తనే సమాధానం చెప్పుకుంది.

గురువారం మీ ఆఫీసుకు వస్తోంది. నేను తోడు వస్తానంటే వద్దంది. ఏదో చెబుతానన్నావు కదా, అది దానికే చెప్పు. కానీ నాయనా, దాని మనసు కష్టపెట్టే మాటైతే ముందు నాకు రాయి.

మీ అక్క,
గెనోవెఫా

తా.క.: జుట్టుకు రంగు వేయించుకుంది. మరీ ఎర్రగా వచ్చింది. చూసి నవ్వకు.

•

బ్యావిస్టోక్,
28 జూన్ 2006, బుధవారం

గెనోవెఫా గారికి,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే రేపటికి అందదు. అందుకే మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. కూర్చుని చదవండి.

నేను మీ తమ్ముణ్ని కాదు. ఇ అంటే ఇవోనా. ఇవోనా వోల్క్. నాకు ముప్పై ఒకటి. మా ఆఫీసుకు వచ్చే ప్రతి ఉత్తరం "అయ్యా" అనే మొదలవుతుంది కాబట్టి మొదట పట్టించుకోలేదు. తర్వాత సరిదిద్దబోయాను. కానీ ఆరేళ్ల ఉద్యోగంలో నేను ఏం తింటానో పట్టించుకున్న ఉత్తరం మీదొక్కటే. చెబితే రాయడం మానేస్తారేమోనని చెప్పలేదు. తప్పు నాది. బొగ్నా గారికి నేనే వచ్చి క్షమాపణ చెప్పుకుంటాను.

కానీ ఆ చివరి నాలుగు ముక్కలు నేను రాసినవి కావు.

ఆ శనివారం ఖాళీ ఆఫీసులో ఫ్యాక్స్ మోగితే విన్నది మా వాచ్‌మన్ జెనోన్ గారు. మీ కాగితం చదివి, మా ఇంటికి ఫోన్ చేసి, "నువ్వు వచ్చేస్తావా, నేను వచ్చి మోసుకురానా?" అన్నారు. నేను పత్రాలు రాస్తున్నంతసేపూ వెనకాల నిలబడి ఉన్నారు. పంపబోతుంటే టోపీ తీసి, "అమ్మాయీ, అడుగున కొంచెం చోటుందా? ఆమెకు ఒక మాట రాస్తాను" అని అడిగారు. ఆయనకు అరవై ఎనిమిది. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. నాకు తెలిసి ఇన్నేళ్లలో ఆయన రాసింది రాకపోకల రిజిస్టరు మాత్రమే.

అప్పటినుంచి రోజూ పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆవిడ కుట్లు ఎలా ఉన్నాయట?" అని అడుగుతున్నారు. ఈ పొద్దున మీ ఉత్తరం చదివి వినిపించాను. ప్రార్థన పుస్తకం సంగతి వచ్చేసరికి వెళ్లి గేటు దగ్గర నిలబడ్డారు. చాలాసేపు లోపలికి రాలేదు.

రేపు బయల్దేరవద్దని బొగ్నా గారికి చెప్పండి. ఆపరేషన్ అయి రెండు వారాలైనా కాలేదు, ఆ దారిలో బస్సు కుదుపులు ఆవిడ పడకూడదని జెనోన్ గారు పట్టుబట్టారు. పదేళ్లలో మొదటిసారి సెలవు పెట్టారు.

ఈ ఉత్తరం మీ చేతికిచ్చింది ఆయనే. చదవడం అయిపోయింది కాబట్టి దయచేసి లోపలికి పిలవండి. పిలవకపోతే అలా గుమ్మంలోనే నిలబడతారు.

మీ చెల్లెలు,
ఇవోనా

తా.క.: ఆయనకు పాట రాదు. ముందే చెప్పేయమన్నారు.