బెజవాడ డబ్బాలో అక్క గొంతు

హనుమాన్ జంక్షన్

బెజవాడ ఛాయాదేవి వదినగారికి,

మీ కొడుక్కి మా పిల్ల సింధూరినిచ్చిన సంపూర్ణమ్మ నమస్కారం పెట్టి, పెట్టిన చేతులు దించి, ఇక కోపంగా రాయించేది ఏమిటంటే: మా పాట ఏది?

పెళ్ళిలో నేనూ మా నాంచారమ్మక్కా మీ మీద పాడిన వియ్యాలవారి పాట. "పీట వేస్తే పీట విరిగె, బెంచీ వేస్తే బెంచీ వంగె, బెజవాడ వదినకి ఏమి వేతుమే" అన్నది. అల్లుడు కిరీటి దాన్ని ఫోనులో పట్టి మీ ఇంట్లో డబ్బాలో దాచాడు. రెండు కుటుంబాల ఫొటోలూ పాటలూ అందులోనే ఉంటాయి, మా ఊరి నుంచే ఫోనులో వినొచ్చు అన్నారు. అక్క పోయాక రోజూ వింటున్నాను. నిన్న నొక్కితే లేదు. అక్క గొంతు ఇంకెక్కడా లేదు. పాట మీ ఒళ్ళు మీద కట్టింది కాబట్టి ఎవరికి కంటగింపో నాకు తెలుసు. వారంలో పాట రావాలి.

ఇట్లు వేలిముద్ర వేసి,
సంపూర్ణమ్మ

తా.క. ఫోను చేయకండి. ఫోనులో మీరు నా మాటకి అడ్డం వస్తారు. ఉత్తరానికి ఆ జబ్బు లేదు.

తా.క. (కోడలు ఉషశ్రీని) పిన్నిగారూ, అత్తయ్య చెప్పిందే రాశాను. కొన్ని తిట్లు మాత్రం దారిలో వదిలేశాను.

*

వన్ టౌన్, విజయవాడ

సంపూర్ణమ్మ వదినగారికి,

ఛాయాదేవి నమస్కారాలు. మీ ఉత్తరం మావారు పెద్దగా చదివారు. వీధి కూడా విన్నది.

నేను చెరపలేదండీ. ఆ డబ్బాని సర్వర్ అంటారు. లోపల రెండు డిస్కులుంటాయి. ఒకదాని మీద రాసిందే రెండోదాని మీదా రాస్తుంది. అందులో ఒకటి పాడై కొన్నాళ్ళుగా ఎర్ర లైటు వెలుగుతోంది. మీ పాట దాంతోనే పోయి ఉంటుంది. కొత్త డిస్కు తెప్పిస్తున్నాను. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. ఒకరి సొత్తు ముట్టుకునే అలవాటు నాకు లేదు.

నొచ్చుకున్న మీ వదిన,
ఛాయాదేవి

తా.క. ఆ పీటకి ముందే చెద పట్టింది.

*

హనుమాన్ జంక్షన్

బ్యాంకు వదినగారికి,

సంపూర్ణమ్మ మళ్ళీ రాయించేది. మీ ఉత్తరం ఉష చేత రెండుసార్లు చదివించుకున్నాను. మొదటిసారే అబద్ధం దొరికింది. రెండోసారి సరిచూసుకున్నాను.

రెండు బిందెల్లో ఒకే పాలు పోశామన్నారు. ఒక బిందెకి చిల్లు పడిందన్నారు. మరి రెండో బిందెలో పాలు ఎవరు తాగారు? ఫొటోలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. మీరు కేకు కోస్తున్న ఫొటో ఉంది. మా అక్క గొంతు దగ్గరికొచ్చేసరికే మీ డిస్కుకి జబ్బు చేసిందా? కొత్తది పెట్టొద్దు, పాతది పారేయొద్దు. నేనొచ్చి ఆ డబ్బా ముందు కూర్చుంటాను. పాట చేతికిచ్చాకే లేస్తాను.

తగ్గేది లేని,
సంపూర్ణమ్మ

తా.క. మా ఊరి పీటలకి చెద పట్టదు.

తా.క. (ఉషశ్రీ) సంచి సర్దేశారు పిన్నిగారూ. ఆవకాయ జాడీ కూడా పెట్టుకున్నారు. అంటే నెల్లాళ్ళకి తక్కువ ఉండరు.

*

వన్ టౌన్

వదినగారూ,

మీ బిందెల మాట ఒప్పు. ఒక డిస్కు పోయినంత మాత్రాన పాట పోకూడదు. సిగ్గుపడి, డబ్బాలోకి ఎవరెప్పుడు వచ్చారో చూశాను. పాట దానంతటది పోలేదు. చెరిపారు. చెరిపింది సంపూర్ణమ్మ అనే పేరుతో వచ్చినవాళ్ళు! ఒక డిస్కులో చెరిపితే రెండోది కూడా భక్తిగా చెరిపేస్తుంది.

పైగా మీ పేరుతో గుడివాడ నుంచి, నూజివీడు నుంచి, ఏలూరు నుంచి ఒకేసారి లోపలికి వస్తున్నారు. పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పారా? దొంగలు పడ్డారని, ప్రస్తుతానికి మీ పేరుకి చదవడానికి మాత్రమే అనుమతి ఉంచాను, ఇక ఆ పేరుతో ఎవరూ ఏదీ చెరపలేరు.

బీరువాలో మూడో డిస్కు ఉంది. పెళ్ళి కాగానే అన్నిటికీ ఒక నకలు తీసి విడిగా దాచాను. మళ్ళీ ముట్టలేదు. తిరుగుతుందో లేదో తెలియదు. రావద్దనడం లేదు, ఆదివారం దాకా ఆగమంటున్నాను.

ఛాయాదేవి

తా.క. కేకు కోసింది మా ఆడపడుచు. నేను అంత లావు లేను.

*

హనుమాన్ జంక్షన్

వదినగారికి,

చదవడం రానిదానికి చదవడానికి మాత్రమే అనుమతా? బాగుంది మీ మర్యాద!

పాస్‌వర్డ్ చెప్పానా అంటారా? చెప్పాను. గుడివాడ మరదలికి చెప్పాను, నూజివీడు మేనకోడలికి చెప్పాను, ఏలూరు బస్సులో పక్కన కూర్చున్నావిడకి చెప్పాను. మా అక్క పాట నలుగురూ వినొద్దా? మీరు దొంగతనం అంటారు, మేం పేరంటం అంటాం. కానీ చెరిపింది నేను కాదు. అక్క గొంతు నా చేత్తో నొక్కుతానా? ఆదివారం దాకా ఆగుతాను. సోమవారం మొదటి బస్సు నాది.

సంపూర్ణమ్మ

తా.క. (ఉషశ్రీ) ఇది అత్తయ్య చెప్పలేదు. ఆవిడ చదవలేరు కాబట్టి ధైర్యం చేస్తున్నాను. చెరిపింది నేనే పిన్నిగారూ. మా పాప డాన్సు వీడియో పెట్టడానికి అత్తయ్య ఫోనులో చోటు లేక తీసేశాను. ఇక్కడ తీస్తే అక్కడా పోతుందని తెలియదు. మీ జవాబు ఆవిడకి నేనే చదవాలి, దయచేసి చూసి రాయండి.

*

వన్ టౌన్

వదినగారూ,

పాట దొరికింది. మూడో డిస్కు మొదట టకటకా కొట్టుకుంది, దాంతోపాటు నా గుండే. కేబుల్ మారిస్తే తిరిగింది. పాట మళ్ళీ డబ్బాలో పెట్టాను. పెన్‌డ్రైవ్‌లో కూడా పంపుతున్నాను. చెరిపిందెవరో తేలలేదు, వదిలేద్దాం.

ఇంకో సంగతి. మీరు రోజూ విన్నది కిరీటి తర్వాత కత్తిరించి పెట్టిన పాట. బీరువాలో ఉన్నది కత్తిరించనిది. పాట అయ్యాక ఫోను ఆపలేదు. నాంచారమ్మగారు, "పాపం, ఆవిడ నొచ్చుకుందేమోనే" అంటారు. మీరు, "నవ్వింది చూడలేదూ? మంచి మనిషే అక్కా. సింధూరిని నాకంటే బాగా చూసుకుంటుంది. పైకి అన్నావంటే ఊరుకోను" అంటారు. అక్కగారు పకపకా నవ్వుతారు.

అడక్కుండా విన్నందుకు క్షమించండి. ఆ ముక్క చెరపమంటే చెరిపేస్తాను.

ఛాయాదేవి

*

హనుమాన్ జంక్షన్

వదినగారికి,

పాట అందింది. విన్నాను.

చెరిపిందెవరో నాకు తెలుసు. పోయిన ఉత్తరం రోజు నేను రెండు మాటలు చెబితే ఉష కాగితం నింపేసింది. అక్షరాలు రావు కానీ వరసలు కనపడతాయి. ఇదిగో, ఇప్పుడు కలం ఆగింది. రాయవే! అక్క తిరిగొచ్చింది, నిన్నేమీ అనను.

ఇక ఆ చివరి మాటలు. అవి నావి కావు. గొంతు నాదే, మాటలు నావి కావు. మీ డబ్బాలో దొంగలు పడ్డారని మీరే రాశారుగా, వాళ్ళవి అయ్యుంటాయి. ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతాను.

అక్క నవ్వు మాత్రం అక్కదే. ఆ మాటలు తీసేస్తే ఆవిడ ఎందుకు నవ్విందో ఎవరికీ తెలియకుండా పోతుంది. కాబట్టి నేననని ఆ మాటల్లో ఒక్కటి చెరిపినా మీ గడప తొక్కను.

అననే అనని,
సంపూర్ణమ్మ

తా.క. ఒక్క బీరువాని నమ్ముకోకండి. ఇంకో నకలు తీసి వేరే ఇంట్లో కూడా దాచండి. పోతే ఆ మాటలు నేను మళ్ళీ అనను.